కారులో చల్లమిరపకాయలు

పుష్యమాసంలో పూస గుచ్చే పొద్దు కూడా ఉండదంటారు.
సాలిస్‌బరీలో రాత్రి ఎనిమిదయినా
పొద్దు మా కంచె మీదే కూర్చుని ఉంది,
భోజనం అయ్యాక కూడా లేవని చుట్టంలా.
రేడియోలో నలభై అయిదు అన్నారు.
రోళ్లు పగిలే ఎండ
పంచాంగాన్ని తలకిందులుగా పట్టుకుని
అడిలైడ్ దాకా వచ్చేసింది.

మిరపకాయలు నేను కొన్నవి కావు.
పక్కింటి డెస్పినా కంచె మీంచి బకెట్టు అందించింది,
"మొక్క మీదే ఉడికిపోతున్నాయి, తీసుకో" అని.
పొడుగు కాయలు. కారం తక్కువ, పొగరు ఎక్కువ.
ఆవిడ పెరట్లో ఆప్రికాట్లు కొమ్మకే జామ్ అయిపోయి
ఒక్కొక్కటీ తడి చప్పుడుతో రాలుతున్నాయి.

హైమ ఆస్పత్రిలో ఉంది, రెండు డ్యూటీలు కలిపి.
వడదెబ్బ తగిలిన ముసలివాళ్లని
ఐసు తువ్వాళ్లలో చుడుతోందట.
ఫ్రిజ్ మీద చీటీ పెట్టి వెళ్లింది:
"తొడిమలు తీయకు. గాటు ఒకవైపే.
మజ్జిగ బాగా పుల్లబడాలి.
ఉప్పు నీ చేత్తో కాదు, నా చేత్తో వెయ్యి."

ఆమె చెయ్యి నాకెలా వస్తుంది?
పిడికెడు తీసి, కాస్త వెనక్కి రాల్చి,
మళ్లీ అనుమానం వచ్చి, ఆ రాల్చిందీ వేశాను.

రాత్రి మజ్జిగలో, పగలు ఎండలో.
మొదటి పూటే ఉత్తరపు గాలి ఎర్రదుమ్ము మోసుకొచ్చింది.
పళ్లెం ఎత్తుకుని ఇల్లంతా తిరిగి
చివరికి కారు అద్దాలు బిగించి
డాష్‌బోర్డు మీద పరిచాను.
మధ్యాహ్నానికి గలగలమన్నాయి.
(ఇప్పటికీ జూన్ వానల్లో హీటర్ వేస్తే
మెకానిక్‌తో సహా అందరం తుమ్ముతాం.)

రెండో రోజు అయిదూ ఇరవైకి కరెంటు పోయింది.
ఫ్రిజ్ ఆగాకే తెలిసింది
ఇన్నేళ్లూ అది మాట్లాడుతూనే ఉందని.
ఫ్రీజర్ తెరిస్తే
కొబ్బరికోరు, మునగకాడలు,
పెరటి గోంగూర ఆరు సంచులు,
పేరు రాయని డబ్బా ఒకటి.
అన్నీ మెత్తబడటం మొదలెట్టాయి,
ఒకరు ఏడిస్తే ఇంకొకరు ఏడ్చినట్టు.

అగ్గిపుల్లతో గ్యాస్ వెలిగించాను.
చొక్కా విప్పేసి, మెడకి తడిగుడ్డ చుట్టుకుని
గోంగూర మగ్గబెడుతుంటే
ఉడుకుతున్నది ఆకో నేనో తేలలేదు.
కొబ్బరి కారప్పొడిలోకి పోయింది.
మునగకాడలు డెస్పినా పట్టుకెళ్లింది, ఎలా తినాలో అడగకుండా.
బదులుగా సీసాలిచ్చింది,
లోపల ఇంకా ఆలివ్ వాసన.

బింబ స్నానాలగది గచ్చు మీద బోర్లా పడుకుని
టార్చి వెలుగులో థర్మామీటర్ చదువుతోంది.
"నాన్నా, హాలు ముప్పై తొమ్మిది."
"నాన్నా, నేను ముప్పై ఏడు."
కాసేపటికి దోసిలి పట్టుకుని వచ్చింది,
మిగిలిన ఒకే ఒక్క ఐసుముక్క.
"దీన్నీ నిలవ పెట్టు."
నూనె చూశాను, ఉప్పు చూశాను,
ఆవపిండి చూశాను.
ఈలోగా దాని మోచేతి దాకా కారిపోయింది.
ఏడవలేదు. మోచెయ్యి నాకుతూ వెళ్లిపోయింది.

నాలుగు గంటలకి సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది.
ఇంటి తలుపులన్నీ ఒక్కసారి కొట్టుకున్నాయి.
ఎవరింట్లోనో, ఎందుకో, చప్పట్లు.

ఏడింటికి హైమ వచ్చింది.
బూట్లు విప్పకుండానే గుమ్మంలో కూర్చుంది.
పదకొండో మంచం సంగతి అడగొద్దంది.
అడగలేదు.
కారులోంచి పళ్లెం తెచ్చి ముందు పెట్టాను.
వేయించకుండానే ఒక కాయ తుంచి
నాలిక మీద పెట్టుకుని చాలాసేపు ఊరుకుంది.

"ఉప్పు నీ చేతిదే" అంది.
ఇంకోటి తీసుకుంది.